సవరణ: డోర్నకల్ అధ్యక్ష మండలం 1947లో పుట్టలేదు

నిన్నటి పోస్టులో డోర్నకల్ డయోసీస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, అంటే అధ్యక్ష మండలం) 1947లో మొదలైందని, మెదక్ చర్చి కట్టించింది అజరయ్య గారని రాశాను. రెండూ తప్పే.

డోర్నకల్ 1912 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) మండలం. ఆ డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దాని మొదటి బిషప్, ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్ కూడా. ఆయనది తమిళ దేశం, తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నదే. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు ఈ మండలం అందులో కలిసింది, అంతే. దాన్నే నేను పుట్టుక అనుకున్నాను. అప్పటికి అజరయ్య గారు పోయి రెండేళ్లు దాటింది.

మెదక్ చర్చి వెస్లియన్ మెథడిస్టులది, అంటే వేరే ప్రొటెస్టంట్ శాఖ వాళ్లది. కట్టించింది వాళ్ల మిషనరీ పాస్నెట్ దొర, ప్రారంభం 1924 క్రిస్మస్ రోజున. అజరయ్య గారు కట్టించింది డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్. ఈ కెథడ్రల్‌కున్న గుడి మండపం లాంటి స్తంభాలు, పైన గుమ్మటాలు చూస్తే రెంటినీ ఎవరూ కలిపేయరు. నేను కలిపేశాను!