నా చెవులు మేలిమి బంగారం, గిటార్ మాత్రం వన్ గ్రామ్

ముందే చెప్పేస్తున్నా, నేను సాలిడ్ మేపుల్ పార్టీ. ఎలక్ట్రిక్ గిటార్ అన్నాక పైన ఉండాల్సింది అచ్చమైన చారల మేపుల్ చెక్కే కానీ కాగితంలాంటి చెక్కపొర, అదే వెనీర్, కాదని పదేళ్లుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను. వెనీర్ గిటార్ మోగితే నాకు పక్కగదిలోంచే తెలిసిపోతుంది, జలుబు చేసిన గొంతులా ఉంటుంది. మీకు తెలియదంటారా, అది మీ చెవుల ఖర్మ.

పోయిన నెల తీగల కింద ఉండే పికప్ ఒకటి బరబరమంటుంటే నా గిటార్‌నే విప్పాను. రింగుకున్న నాలుగు స్క్రూలు తీసి, పికప్ పైకెత్తి, గుంత అంచు మీద టార్చ్ వేశాను. ఇన్నేళ్లూ "చూశారా, ఈ చారలు లోపలిదాకా ఉంటాయి" అని ఇంటికొచ్చిన చుట్టాలక్కూడా చూపించిన ఆ పులిచారలు గోరు మందం కూడా లేవు. వాటి కింద చారల్లేని మామూలు మేపుల్, దాని కింద మహాగని. పైన పటారం లోన లొటారం అని తిట్టుకుందామంటే లోపల అర అంగుళం పైచిలుకు ఉన్నది కూడా అసలు మేపులే, చివరికి సామెత కూడా అక్కరకు రాలేదు.

చెట్టులో పీచు నిటారుగా కాకుండా అలలు అలలుగా పెరిగితే, వెలుతురు పడ్డప్పుడు ఒక అల మెరుస్తుంది, పక్కది నల్లబడుతుంది, గిటార్‌ని కాస్త వంచితే రెండూ తారుమారవుతాయి. చారలంటే అంతే, పూర్తిగా కంటి వ్యవహారం. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. దానికి తెలిసింది స్టీలు తీగ కదలడమొక్కటే, కళ్లు లేవు. అయినా సరే, ఆ రోజు నుంచి నా గిటార్ సౌండ్ పలచబడింది. నిన్నటిదాకా తేనెలా ఉన్న స్వరం ఇప్పుడు రేకు డబ్బా. ఎందుకో సైన్స్‌వాళ్లే చెప్పాలి.

గిట్టనివాళ్లు వెంటనే చరిత్ర తీస్తారు. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్ వచ్చినప్పుడు మేపుల్ మీద బంగారు రంగు పూసేశారు, కింద చెక్క ఎలా ఉందో ఎవరికీ కనబడదు. 1958లో చెక్క కనిపించేలా, అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా ఉండే ఎర్రటి సన్‌బర్స్ట్ రంగు వేశాకే చారలు బయటపడ్డాయి, అవీ అన్నిటికీ లేవు. అప్పట్లో అవి పెద్దగా అమ్ముడుపోక 1961కల్లా ఆకారమే మార్చేశారు, ఇప్పుడు అవే లక్షల డాలర్లు. పైగా ఆ "సాలిడ్" టాప్ కూడా నడిమధ్య జిగురుతో అతికించిన రెండు ముక్కలే, అడుగున మహాగనికి మళ్లీ జిగురే. అయితే ఏంటట? రెండు జిగురు గీతలు సంప్రదాయం, మూడోది మోసం. ఇందులో అర్థం కానిదేముంది?

అదే 1958లో అదే కంపెనీ ఈఎస్-335 అనే గిటార్ తెచ్చింది, దాని పైచెక్క మేపుల్, పాప్లర్ పొరలు ఒత్తి చేసిన ప్లైవుడ్. బ్లూస్ గిటారిస్ట్ బి.బి. కింగ్ లుసిల్ అని పిలుచుకున్న గిటార్లలో పేరుమోసినవి ఆ కుటుంబానివే, పాపం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. క్వీన్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే సంగతి మరీ ఘోరం. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ మొదలుపెట్టి, మెడకి పాత నిప్పుగూడు చెక్క, ఒంటికి ఓక్ ముక్కతో పాటు బ్లాక్‌బోర్డ్ (బడిలో నల్లబల్ల కాదు, వడ్రంగులు బీరువాలకు వాడేది), దాని మీద మహాగని వెనీర్ వేశాడు. 2002లో దాన్నే పట్టుకుని బకింగ్‌హామ్ ప్యాలెస్ మేడెక్కి జాతీయగీతం వాయించాడు. వెనీర్ అని తెలిస్తే రాణిగారు దిగమనేవారే. ఇక ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్లు 1990లలో ఏకంగా చారల ఫోటోనే అతికించి దానికి ఫోటో ఫ్లేమ్ అని పేరు పెట్టారు, ఆ నిజాయితీకైనా ఒక దండం.

నేను మాత్రం మారను. సెకండ్ హ్యాండ్ గిటార్ అమ్ముతానన్న ఒకాయనకు నిన్న ఫోన్ చేసి, కొనేముందు పికప్ విప్పి లోపల చూసుకుంటానండీ అన్నాను.

"వాయించి చూడరా సార్?" అన్నాడాయన.

అక్కర్లేదన్నాను.