పటంలో గీతకి అనుమానం ఉండదు

బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ గీసిన న్యూజిలాండ్ పటంలో రెండు పెద్ద తప్పులున్నాయి. దక్షిణ దీవి తూర్పు ఒడ్డున ఉన్న బ్యాంక్స్ ద్వీపకల్పాన్ని విడి దీవిగా వేశాడు. కింద కొసన నిజంగానే విడిగా ఉన్న స్టీవార్ట్ దీవినేమో నేలకి అంటించేశాడు. పటం ఎంత గొప్పదో అందరూ చెబుతారు గానీ, అది ఎలా తయారైందో చెప్పేది ఈ తప్పులే.

1769 అక్టోబర్ నుంచి 1770 మార్చి దాకా, ఆరు నెలల్లోపు, సుమారు 2,400 మైళ్ళ తీరాన్ని చాలామటుకు ఓడ మీద నుంచే గీశారు. కనబడే కొండకొమ్ముకి దిక్సూచితో కోణం చూస్తారు, ఓడ కొంత దూరం పోయాక అదే కొమ్ముకి ఇంకోసారి చూస్తారు, రెండు గీతలు కలిసిన చోట ఆ కొమ్ము ఉన్నట్టు. లోతు కోసం సీసం గుండు వదులుతారు, దాని అడుగున పూసిన కొవ్వుకి ఇసక అంటిందో బురద అంటిందో కూడా రాసుకుంటారు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు చూస్తే అక్షాంశం తేలిపోతుంది. రేఖాంశమే తలనొప్పి. ఆ మొదటి ప్రయాణంలో కుక్ దగ్గర ఇంగ్లండ్ సమయాన్ని తప్పకుండా చూపే నమ్మదగిన గడియారం లేదు, చంద్రుడికీ సూర్యుడికీ లేదా ఓ నక్షత్రానికీ మధ్య కోణం కొలిచి లెక్కలు కట్టాలి. దక్షిణ దీవిని దాదాపు 40 నిమిషాలు (అంటే డిగ్రీలో మూడింట రెండు వంతులు) తూర్పుకి జరిపేశానని రెండో ప్రయాణంలో ఆయనే గుర్తించాడు.

అంటే ఒడ్డుకి ఓడ దగ్గరగా వెళ్ళిన చోట పటం బాగుంది, గాలి తోసేసిన చోట తప్పింది. కాంటర్‌బరీ మైదానం పల్లంగా ఉంటుంది, దూరం నుంచి కనబడదు, దాని ముందున్న బ్యాంక్స్ ద్వీపకల్పం కొండలు మాత్రం నీళ్ళలోంచి లేచినట్టు కనిపిస్తాయి. ఎవరైనా దీవే అనుకుంటారు. దక్షిణ కొస చుట్టూ గీసింది చాలాచోట్ల తప్పే అయ్యుంటుందని, ఒడ్డు దగ్గర ఉండలేకపోయామని కుక్ తన దినచర్యలో ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. కానీ డైరీ ఎంతమంది చదువుతారు? అచ్చయిన పటంలో చూసిన తీరమూ ఊహించిన తీరమూ ఒకేలా కనిపించేస్తాయి.

పైగా అది ఒక్కడి పని కాదు. 1642లో డచ్ నావికుడు టాస్మాన్ అక్కడికి వచ్చినప్పుడు అక్కడి మూలవాసులు మావోరీలతో గొడవలో నలుగురు మనుషుల్ని పోగొట్టుకుని, నేల మీద కాలు పెట్టకుండానే వెళ్ళిపోయాడు, రెండు దీవుల మధ్య జలసంధిని అఖాతం అనుకున్నాడు. కుక్ మనుషులు కూడా వచ్చిన మొదటి రోజుల్లోనే మావోరీలను కాల్చి చంపారు. అయినా మాటలు సాగాయంటే ఓడలో టుపాయా ఉన్నాడు కాబట్టి. తాహితీ దగ్గరి రాయాటియా దీవి పూజారి, నావికుడు, ఆయన భాష మావోరీలకి అర్థమయ్యేది; పసిఫిక్‌లో 74 దీవులతో ఆయన చేయించిన పటాన్ని ఎలా చదవాలో పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

1770 జనవరిలో కుక్ ఓ కొండెక్కి జలసంధిని కళ్ళారా చూశాడు. ఆ తర్వాత ఓ మావోరీ ముసలాయన, ఈ పక్కదీ ఆ పక్కదీ వేరు వేరు నేలలని చెప్పి వాటి పేర్లు కూడా చెప్పాడు. జలసంధికి కుక్ పేరే వచ్చిందనుకోండి. ముసలాయన చెప్పిన పేర్లని మాత్రం కుక్ తన చెవికి వినబడినట్టు పటం మీద రాసుకున్నాడు. దక్షిణ దీవికి ‘టోవీపొయెనామ్ము’ అని. 2013లో న్యూజిలాండ్ ఆ దీవికి అధికారికంగా ఇచ్చిన రెండో పేరు, టె వాయిపౌనము, అదే.