మూడా? ఎనిమిదా?

మా మామ కారుకి కంపెనీ వాళ్లు కొట్టిన ఛాసిస్ నంబరులో చివరి అంకె మూడా, ఎనిమిదా అన్నది ఇప్పుడు తిరుపతిలో తేలాల్సిన అతి ముఖ్యమైన విషయం. కపిలతీర్థం రోడ్డు ట్రాఫిక్, ఎండాకాలం నీళ్ల కరువు లాంటి చిల్లర సమస్యలు ఆనక చూసుకోవచ్చు. ముందు ఈ అంకె తేలాలి. ప్రభుత్వం వారు కూడా అంతే పట్టుదలగా ఉన్నారు.

కారు స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైన రకం. పేరు ఇంగ్లండు వాళ్లది, రూపం గీసినాయన ఇటలీకి చెందిన మికెలోట్టి, కాపురం మాత్రం మా చిత్తూరు జిల్లాలో. బానెట్ ఎత్తితే బండి ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు లేస్తుంది. తాత 1991లో పోయాక అది మామిడితోట షెడ్డులో కోళ్లకు విడిది అయింది. మామ రిటైరయ్యాక దాన్ని బయటికి లాగి, తుప్పు గోకించి, ఫ్లోరు రేకు మార్పించి, ఎక్కడెక్కడి పాత సామాన్ల అంగళ్లో వెతికి స్పేర్లు తెచ్చి, చివరికి స్టార్ట్ చేశాడు. అక్కడితో సులువైన పని అయిపోయింది.

ఆర్‌సీ పుస్తకంలో అడ్రసు చంద్రగిరి తాలూకా, చిత్తూరు జిల్లా అని ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మేం నిద్ర లేచేసరికి తిరుపతి జిల్లా వాళ్లమయ్యాం. షెడ్డు మాత్రం అంగుళం కదల్లేదు.

“అడ్రసు ఎప్పుడు మారారు?” అని అడిగాడు, రిజిస్ట్రేషన్ కోసం వెళ్తే, రవాణా ఆఫీసు గుమస్తా.

“మేం మారలేదు సార్, జిల్లానే మారింది.”

“దానికి ప్రూఫ్?”

జిల్లాను మార్చింది తానేనని ప్రభుత్వానికి మా మామ ఆధారం చూపించాలన్నమాట. సరే, అదీ జిరాక్స్ తీయించాడు.

ఇక అసలు ఘట్టం. బానెట్ కింద ఒక రేకు ముక్క మీద ఆ ఛాసిస్ నంబరు ఉంది. దానిమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీశారు. చివరి అంకె దగ్గర తుప్పు. గుమస్తా మూడన్నాడు. పక్క సీటాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని ఎనిమిదన్నాడు. అధికారి స్వయంగా బయటికి వచ్చి, ఫోన్ టార్చి వేసి, మొసలి నోట్లో తల పెట్టి చాలాసేపు చూశాడు. ఆయన తల బయటికి తీసేదాకా ఆఫీసులో పనంతా ఆగిపోయింది. “మూడులాగే ఉంది, కానీ ఎనిమిది కాదని రాసివ్వలేను” అని తీర్పు చెప్పాడు. సుప్రీంకోర్టు కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడదు. లైసెన్సు రెన్యువల్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు క్యూ వదిలి వచ్చి ఆరు కూడా కావచ్చన్నాడు. టీ కుర్రాడు “సున్నా అనుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదన్నా” అన్నాడు. ఆ రోజు ఆ ఆవరణలో పనికొచ్చే మాట అదొక్కటే.

పుస్తకంలో చూడొచ్చు కదా అంటారేమో. చూశారు. అన్ని అంకెలూ ముత్యాల్లా ఉన్నాయి, ఆ ఒక్క చోట చెదలు తిన్న బొక్క. అంకె ఏదో చెదపురుగుకి తెలుసు గానీ, దాన్ని సాక్షిగా పిలిచే ఫారం ఇంకా రాలేదు. పాత రిజిస్టరు తీయండి అంటే, అవి కంప్యూటర్లోకి ఎక్కలేదట, ఎక్కడున్నాయో తెలిసినాయన రిటైరయ్యాడట. పైగా ఈ కాలం బండ్లకి 17 అక్షరాల నంబరుంటుంది, మాది కురచగా ఉందని సిస్టమ్ తీసుకోవట్లేదు. కారు పొట్టిగా పుట్టడం మా తాత తప్పే.

ఇంత శ్రమపడితే చివర దొరికేది పాత బండ్లకని కేంద్రం 2021 జూలైలో ఇచ్చిన గౌరవం. 50 ఏళ్లు దాటిన సొంత బండికి 20,000 రూపాయలు కడితే, నంబరులో ‘వీఏ’ అని ప్రత్యేకంగా చేర్చి, పదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు. షరతు ఒకటే, బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు పనికిరావు. ఫ్లోరు రేకు మార్చామని మామ నిజాయితీగా చెప్పాడు. అందరి మొహాలూ మాడిపోయాయి. మార్చకపోతే డ్రైవరు కాళ్లు రోడ్డుకు తగులుతాయి సార్ అన్నాడు. అప్పుడైతే ఒరిజినల్ కదా అన్నారు.

కానీ దీనికంటే ముందు కారు తాత పేరు నుంచి మామ పేరుకి రావాలి. దానికి ఫారం 31. యజమాని పోతే వారసులు 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేయాలట. పెద్దకర్మ అయిన మర్నాడే బయల్దేరాలన్నమాట. మిగతా వారసుల ఒప్పుదల కూడా కావాలి గనక అవ్వను తీసుకెళ్లాం. ఎనభై దాటిన మనిషి. నిలబెట్టి అడిగారు, “ఆయన భార్య మీరే అనడానికి ఆధారం ఏముంది?”

“నాయనా, ఆయన తద్దినం ఏటా నేనే పెట్టిస్తాండా” అంది అవ్వ.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. ఫ్యాన్ కింద కుర్చీ ఉంది. దానిమీద ఫైళ్లున్నాయి. ఫైళ్లు కూర్చున్నాయి, ఆమె నిలబడింది. ఆ కట్ట తీసి కింద పెట్టడానికి ఏ ఫారం అడ్డొచ్చింది? గేటు బయట ఏజెంటు ఏమన్నాడో తెలుసా? తనకింత ఇస్తే ముసలామె రానే అక్కర్లేదట, అంకె కూడా మనకేది కావాలంటే అదే పడుతుందట. మరి ఈ నిబంధనలన్నీ ఎవరిని పట్టడానికి? దొంగబండి వాడు నేరుగా ఏజెంటు దగ్గరికే పోతాడు. కౌంటరు దగ్గరికి వచ్చేది మా మామలాంటి వాళ్లే. వాళ్ల తల్లులను నిలబెట్టి మొగుడెవరని అడగడానికి సిగ్గుండాలి.

ఒకవేళ అన్నీ కుదిరి ‘వీఏ’ నంబరు వచ్చినా, కారును రోజూ నడపకూడదు. ప్రదర్శనకి, పాత కార్ల ర్యాలీకి, మరమ్మతుకి, సాంకేతిక పరిశోధనకి తీసుకెళ్లొచ్చు. పెట్రోలు బంకుకి పోవచ్చు. పెళ్లికి పోకూడదు. దర్శనం ఆ జాబితాలో లేదు. తిరుమల రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. అంతకుముందు, 1944 నాటి పాత రోడ్డు మీదే తాత ఈ కారులో అవ్వను కొండకి తీసుకెళ్లేవాడు. ఇంకొక్కసారి తీసుకెళ్లాలని మామ కోరిక.

అందుకే ఇప్పటినుంచే దరఖాస్తు రాసి పెట్టుకున్నాడు. విషయం: ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రేడియేటర్ వేడిపై సాంకేతిక పరిశోధన. బృందంలో ఇద్దరు. తన పేరు రాశాక అవ్వ పేరు రాశాడు. ఆమె అర్హతల దగ్గర ‘కారు యజమాని భార్య’ అని మొదలుపెట్టి, దానికి ఆధారం లేదని గుర్తొచ్చి కొట్టేశాడు.