కత్తికి ముందు సీలింగ్ ఫ్యాను

నడివయసు తెలుగువాడు ఈమధ్య ఒక గంభీరమైన నిర్ణయం దగ్గర ఆగిపోయి ఉన్నాడు. జిమ్ముకి కట్టిన ఏడాది ఫీజు సంక్రాంతి దాటకుండానే కాలం చేసింది. యోగా మ్యాటు మీద పిల్లలు లూడో ఆడుకుంటున్నారు. ఇక మిగిలింది ఆయుధం పట్టడమే. కర్రా, కత్తా, జపాన్ వాళ్ల పొడుగు కత్తి కటానానా అన్నది తేలక అర్ధరాత్రి దాకా ఫోన్లో వీడియోలు చూస్తున్నాడు. ఇంట్లోవాళ్లు ఇంకేదో చూస్తున్నాడని అనుమానపడుతున్నారు. ప్రభుత్వం దీనిమీద కమిటీ వేసేలోపు నాకు తోచిన నాలుగు ముక్కలు చెప్పడం నా బాధ్యత.

ఎంపిక విధానం అందరికీ తెలిసిందే. ముందు ఆయుధం నచ్చాలి. తర్వాత దానికి తగ్గ డ్రెస్సు. ఆపైన ఆ డ్రెస్సులో ఫోటో ఎలా వస్తుందన్న అంచనా. నేర్పేవాళ్లు ఊళ్లో ఉన్నారా లేరా అన్నది పార్సిల్ విప్పాక చూసుకోవచ్చు.

ఈ పద్ధతిలో ఎప్పుడూ గెలిచేది కటానాయే. గోడకి తగిలించే రకం ఆన్‌లైన్లో చవకగానే దొరుకుతుంది, తళతళలాడుతుంది. పిడి లోపలికి వెళ్లేసరికి దాని బ్లేడు సన్నటి కడ్డీగా మారిపోయి, చివర ఒక నట్టు దయ మీద బతుకుతూ ఉంటుందని మాత్రం డబ్బా మీద రాయరు. గట్టిగా ఒక్కసారి ఝళిపిస్తే పిడి మన చేతిలోనే ఉంటుంది, బ్లేడు వంటింట్లోకి వెళ్తుంది. చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే చేసిన పనిముట్లని 1959 నాటి ఆయుధాల చట్టం వదిలేసింది కాబట్టి కత్తిపీటకి భయం లేదు. మూరెడు కత్తి భుజాన వేసుకుని బస్టాపులో నిలబడ్డవాడు మాత్రం ఎస్సైగారికి జపాన్ సంస్కృతి వివరించడానికి తయారై ఉండాలి.

ఆ కత్తినే శాస్త్రోక్తంగా పట్టాలంటే ఇయాయ్‌డో అనే జపాన్ విద్య ఉంది. ఎదుట మనిషి అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, లేస్తూ కత్తి దూసి, ఊహలోని శత్రువుని నరికి, కత్తికంటిన ఊహారక్తాన్ని విదిలించి, నెమ్మదిగా ఒరలో పెట్టాలి. ఇందులో ఆ శత్రువు గెలిచిన దాఖలాలు లేవు. ఆఫీసులో మేనేజరున్న ప్రతివాడికీ పనికొచ్చే విద్య. దెబ్బతినేది మోకాళ్లే.

కెండో అనే జపాన్ కత్తిసాము వేరు. అక్కడ ఎదుట నిజంగానే మనిషి ఉంటాడు. చేతిలో నాలుగు వెదురు బద్దలు కట్టిన షినాయ్. తలమీద కొడితే "మెన్" అనీ, మణికట్టు మీద కొడితే "కొతే" అనీ, కొట్టే చోటు పేరు గొంతు చించుకుని అరవాలి. అరుపూ దెబ్బా అడుగూ ఒక్కటిగా పడకపోతే పాయింటు ఇవ్వరు. అరవడంలో మనవాళ్లకి ఎవరూ నేర్పేదేమీ లేదు. చిక్కంతా అడుగుతోనే. కవచం ఒంటిమీదకి రాకముందు పాదం పైకెత్తకుండా నేలమీద జారుస్తూ ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ నడిపిస్తారు.

ఇదేదో జపానోళ్ల చాదస్తం అనుకుని కేరళ వెళ్తే అక్కడా అంతే. కలరిపయట్టు అనగానే మనవాడి కళ్లు ఉరుమి మీద పడతాయి, నడుముకి చుట్టుకునే ఆ వంగే కత్తి మీద. గురుక్కళ్, అంటే అక్కడి గురువు, దాన్ని ఎక్కడో చివర పెట్టాడు. మొదట మెయ్‌తారి, అంటే ఒళ్లు వంచడం, కాలు నెత్తిదాకా లేపడం. తర్వాత కోల్‌తారి, కర్రలు. లోహం ముట్టుకునేది ఆ తర్వాత వచ్చే అంకతారిలోనే. ఎందుకంటే ఉరుమికి స్వపరభేదం లేదు; తిప్పేవాడి చెవే దానికి అందరికన్నా దగ్గర. వారాంతపు బ్యాచ్‌లో ఉరుమి ఉందా అని అడిగే సాఫ్ట్‌వేర్ కుర్రాడికి మిగిలేది ఒంటికి నూనె, ఒళ్లునొప్పులు.

ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు కత్తులు. ఫాయిల్‌కి మొండెం మీద తగిలితేనే లెక్క, సేబర్‌కి నడుం పైన, అరచేతులు తప్ప, ఎక్కడైనా సరే, ఎపేకి కాలి బొటనవేలైనా చాలు. ఫాయిల్‌లో, సేబర్‌లో ఇద్దరికీ ఒకేసారి తగిలితే ముందు దాడికి దిగిందెవరో రిఫరీ తేలుస్తాడు. కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర రెండు బైకులు గుద్దుకున్నాక జరిగే విచారణే, కాకపోతే తెల్లబట్టల్లో. ఎపేలో ఆ తకరారు లేదు, ఇద్దరికీ చెరో పాయింటు. మన దేశం నుంచి ఫెన్సింగ్‌లో మొట్టమొదట ఒలింపిక్స్‌కి, 2021లో టోక్యోకి, వెళ్లిన చెన్నై అమ్మాయి భవానీదేవి ఈ ఆటలోకి ఎందుకొచ్చిందో తెలుసా? బళ్లో మిగతా ఆటల్లో ఖాళీల్లేక. మొదట్లో సాధన వెదురు కర్రలతోనే. రాత్రంతా మేలుకుని ఆయుధం ఎంచుకుంటున్నవాళ్లు ఈ పేరా వదిలేసి చదువుకోండి.

ఆయుధం అడిగినవాడికి కాళ్ల పని అప్పజెప్పే ఈ అంతర్జాతీయ కుట్రలో చేరనివాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లొక్కరే. 2009లో చట్టం చేసి మరీ జాతీయ యుద్ధకళగా ప్రకటించుకున్న అర్నిస్‌లో పేము కర్రతోనే మొదలుపెడతారు, వట్టి చేతుల పాఠం తర్వాత. వేళ్లమీద దెబ్బకి కూడా ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు.

మన కర్రసాము ఎవరి లిస్టులోనూ ఉండదు. కారణం స్పష్టం. నేర్పే పెద్దాయన లుంగీ కట్టుకుని పక్కవీధిలోనే ఉంటాడు. ఆయనకి వెబ్‌సైట్ లేదు, రంగురంగుల బెల్టులు ఇవ్వడు. పెట్టుబడి ఒక వెదురు కర్ర. పైగా "ముందు కాలు సరిగ్గా పెట్టరా" అంటాడు. ఇంత తక్కువలో వచ్చే విద్యని చదువుకున్నవాడు ఎలా నమ్ముతాడు? అమలాపురం దసరా ఊరేగింపులో చెడీ తాలింఖానా అనే సాము విద్య వాళ్లు కళ్లకి గంతలు కట్టుకుని కత్తి తిప్పుతుంటే చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి కటానా ఆర్డరు పెడతాడు. కర్నూలు జిల్లా దేవరగట్టులోనూ దసరా రాత్రే మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. అక్కడ బిగినర్స్ బ్యాచ్ లేదు. పోలీసులూ డాక్టర్లూ ముందే చేరుకుంటారు. ట్రయల్ క్లాసుకని వెళ్లేవాళ్లు ఇన్సూరెన్సు కాగితాలు జేబులో పెట్టుకోవాలి.

ఇంత చదివాక కూడా ఆయుధమే ముందు ఎంచుకుంటానంటే, కనీసం హాల్లో నిలబడి ఒకసారి పైకి చూడండి. నుదుటిదాకా వచ్చే కర్రని డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో నెత్తిమీదుగా తిప్పితే మొదటి ప్రత్యర్థి సీలింగ్ ఫ్యాను, రెండోది ట్యూబ్‌లైటు, మూడోది అత్తగారు పెట్టిన గోడగడియారం. ఈ మూడింట్లో ఆఖరిదానితో గెలిచి బట్టకట్టినవాడు లేడు. కాబట్టి టెర్రస్సే గతి. దాని తాళం అసోసియేషన్ సెక్రటరీగారి దగ్గరుంటుంది. కర్రసాముకని అడిగితే ఇవ్వరు. వడియాలు ఎండబెట్టుకోవాలని అడగండి. కాకుల్ని తోలడానికి కర్ర తీసుకెళ్తున్నామంటే ఎవరూ కాదనరు.