అనుమానాస్పద క్రాన్ జాబ్: డిలీట్ చేసే ముందు చదవండి

వెబ్ హోస్టింగ్ సర్వర్‌లో మనం పెట్టని క్రాన్ జాబ్ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే కమాండ్) కనిపిస్తే చాలామంది ముందు దాన్ని డిలీట్ చేస్తారు. సపోర్టు వాళ్లూ అదే పని చేసి, ‘క్లీన్ చేశాం’ అని టికెట్ మూసేస్తారు. కొన్నాళ్లకే, ఒక్కోసారి నిమిషంలోనే, అదే లైన్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇది అలవాటైపోయిన తప్పు. చొరబాటు ఎలా జరిగిందో చెప్పగల సాక్ష్యాన్ని మన చేత్తో మనమే చెరిపేస్తున్నాం.

ముందు చూడాల్సింది అది ఎవరి పేరు మీద ఉందని. వెబ్‌సైట్ నడిచే యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో (ఒక్కో లైన్‌లో ఒక్కో జాబ్ ఉండే జాబితాలో) ఉంటే, పాత ప్లగిన్, ఫైల్ అప్‌లోడ్ ఫారం, లీకైన పాస్‌వర్డ్ లాంటి దారిలో చొరబాటుదారులు వచ్చి ఉంటారు. సర్వర్‌పై పూర్తి అధికారం ఉండే రూట్ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లోనో, ఈటీసీ కింద ఉండే క్రాన్.డి ఫోల్డర్‌లోనో ఉంటే కథ వేరు. అక్కడ రాయగలిగినవాడు సర్వర్‌లో ఏదైనా చేయగలడు. దాన్ని శుభ్రం చేయడానికి తంటాలు పడేకంటే కొత్త సర్వర్ సిద్ధం చేసుకోవడమే మేలు. షేర్డ్ హోస్టింగ్ ప్యానెల్‌లో కనిపించేవి మన ఖాతా జాబ్‌లు మాత్రమే. సిస్టమ్ స్థాయి జాబ్‌లు, క్రాన్‌లాగే పనులు నడిపే సిస్టమ్‌డీ టైమర్లు హోస్టింగ్ సంస్థే చూడాలి.

ఆ తర్వాత టైమ్. అసలు ఆచూకీ దొరికేది ఇక్కడే. క్రాన్‌ట్యాబ్ కమాండ్‌తో కొత్త జాబితా ఎక్కిస్తే లాగ్‌లో యూజర్ పేరుతో ‘రీప్లేస్’ అని నమోదవుతుంది. ఉదాహరణకు అది 02:14:09కి పడిందనుకుందాం. వెంటనే వెబ్ యాక్సెస్ లాగ్ తెరిచి, ఆ క్షణానికి కాస్త ముందు వచ్చిన పోస్ట్ రిక్వెస్టులు (సర్వర్‌కి డేటా పంపేవి) వెతకాలి. రెండు లాగ్‌లూ ఒకే టైమ్ జోన్‌లో ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. బొమ్మలు మాత్రమే ఉండాల్సిన అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ ఫైల్‌కి పోస్ట్ వెళ్లి, 200 (విజయవంతం) సమాధానం వచ్చి ఉంటే, వాళ్లు వచ్చిన దారి దాదాపు దొరికినట్టే. ఫైల్ మీద కనిపించే మార్పు తేదీని మాత్రం నమ్మకండి, టచ్ కమాండ్‌తో దాన్ని ఎవరైనా వెనక్కి జరపొచ్చు. లాగ్‌లు రొటేట్ అయి పోతుంటాయి కాబట్టి కాపీలు వెంటనే తీసుకోవాలి.

ఇక లైన్‌ని చదవడం. ప్రతి నిమిషం నడిచేలా అయిదు నక్షత్రాలు, కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో తెచ్చిన స్క్రిప్టును నేరుగా షెల్‌కి పైప్ చేయడం (అంటే చూడకుండానే నడిపించడం), చూడగానే అర్థంకాకుండా బేస్64 అక్షరాల్లో మూటగట్టిన కమాండ్, టెంప్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫైల్ పేరు. ఇవన్నీ కలిసి కనిపిస్తే టెన్షన్ పడాల్సిందే. ఒక్కటే ఉంటే తొందరపడకూడదు. వర్డ్‌ప్రెస్ షెడ్యూల్ పనుల కోసం చాలామంది కర్ల్‌తోనే క్రాన్ జాబ్ పెడతారు. సైట్ భద్రతా సర్టిఫికెట్‌ని రెన్యూ చేసే సర్ట్‌బాట్ పెట్టిన జాబ్‌ని తెలియక తీసేస్తే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు ముగిశాక సైట్‌కి వచ్చేవాళ్లకు హెచ్చరిక పేజీ ఎదురవుతుంది. అప్పుడు దానికీ దీనికీ సంబంధముందని ఎవరికీ తట్టదు.

తేదీని బట్టి కూడా నిశ్చింతగా ఉండలేం. 2021 నవంబర్‌లో సాన్‌సెక్ సంస్థ బయటపెట్టిన క్రాన్‌రాట్ మాల్వేర్ తన కోడ్‌ని ఫిబ్రవరి 31కి షెడ్యూల్ చేసిన టాస్కుల పేర్లలో దాచింది. లేని తేదీ కదా అని వదిలేసేవాళ్ల కళ్లుగప్పడానికే ఆ ఎత్తు.

తొలగింపు చివర్లో. క్రాన్‌ట్యాబ్, లాగ్‌లు, ఆ స్క్రిప్టు కాపీలు భద్రపరిచాక నడుస్తున్న ప్రాసెస్‌ని ఆపాలి, లేదంటే అదే మళ్లీ లైన్ రాసుకుంటుంది. డిస్క్ మీద ఫైల్ చెరిగిపోయినా, ప్రాసెస్ బతికున్నంతసేపూ, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్ నుంచి దాని కాపీ తీయొచ్చు. ముందే చంపేస్తే ఆ అవకాశం పోతుంది. తర్వాతే క్రాన్ లైన్ తీసేయాలి, ఆ వెంటనే వాళ్లు వచ్చిన దారి మూసి, పాస్‌వర్డ్‌లు మార్చాలి.

హోస్టింగ్ సంస్థలు కూడా టికెట్‌లో ‘క్లీన్ చేశాం’ అని రాస్తే సరిపోదు. ఏ ఖాతాలో, ఎన్ని గంటలకు, ఏ ఫైల్ ద్వారా ఆ జాబ్ చేరిందో రాయాలి. తేలకపోతే తేలలేదని రాసి, సంబంధిత లాగ్ భాగాన్ని కస్టమర్‌కి ఇవ్వాలి.