పాదరసం తీసేయండి, టెస్ట్ ట్యూబ్ మాత్రం పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

కెమిస్ట్రీ మీద ఇష్టం ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే నేను పాఠం పేరు చెప్పను, ఒక శబ్దం చెప్తాను. జింక్ ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, టెస్ట్ ట్యూబ్ మూతి దగ్గర వెలుగుతున్న పుల్ల పెడితే వచ్చే ఆ "టప్". హైడ్రోజన్ మండుతుందని చదువుకోవడం వేరు, ట్యూబ్ పట్టుకున్న వేళ్లకి ఆ అదురు తెలియడం వేరు. మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు వేసి వదిలేస్తే దానికి ఎర్రగా రాగి పూత పట్టేది, నీలం రంగు మెల్లగా పాలిపోయి లేత ఆకుపచ్చకి తిరిగేది, బెల్ కొట్టినా అక్కణ్ణుంచి కదలబుద్ధి అయ్యేది కాదు.

ఇప్పుడు చాలామంది పిల్లలు ఇదంతా స్క్రీన్ మీద చూసి నోట్స్ రాసేసుకుంటున్నారు, ఎందుకూ అంటే "సేఫ్టీ అండీ" అంటారు.

పాతకాలం అంతా బంగారం అనే బ్యాచ్ కాదు నేను, ముందే చెప్తున్నా. పాదరసాన్ని అరచేతిలో పోసుకుని దొర్లించి ఆడుకున్న తరాలున్నాయి, దాని ఆవిరి కంటికి కనపడదు, వాసనా రాదు, పీలిస్తే మాత్రం నరాల్ని దెబ్బ తీస్తుంది. అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం గుర్తుందా? నారింజ రంగు పొడికి నిప్పంటిస్తే రవ్వలు చిమ్ముతూ ఆకుపచ్చ బూడిద పొంగుకొచ్చేది, ఎంత బావుండేదో, కానీ ఆ పొడిలో ఉన్న హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ తెచ్చే రకం. 1950ల మొదట్లో అమెరికాలో గిల్బర్ట్ కంపెనీ పిల్లలకి అమ్మిన అటామిక్ ఎనర్జీ ల్యాబ్ సెట్‌లో అయితే నిజం యురేనియం ఖనిజమే పెట్టారు. ఇవన్నీ పోయినందుకు నాకు ఏమాత్రం బాధ లేదు.

నా బాధల్లా, వాటితో పాటు పిల్లల చేతుల్ని కూడా పక్కకి తోసేశారని. "కెమికల్స్ లేవు" అని డబ్బా మీద రాసి మరీ కెమిస్ట్రీ సెట్లు అమ్మే దాకా వచ్చింది వ్యవహారం.

పోనీ పిల్లల్ని కూర్చోబెట్టి టీచర్ ఒక్కరే చేసి చూపిస్తే సేఫా అంటే, అదీ కాదు. రంగు మంటల డెమో తీసుకోండి. లోహాల లవణాల మీద మిథనాల్ అనే ఇట్టే అంటుకునే ద్రవం పోసి వెలిగిస్తారు, మంట తగ్గినట్టు అనిపించి సీసాలోంచి ఇంకాస్త పోయబోతే ఆ మంట సీసాలోకి పాకి ఒక్కసారిగా ముందు బెంచీల మీదకి ఎగదన్నుతుంది. అమెరికాలో ఇలా చూస్తూ కూర్చున్న పిల్లలే కాలిపోయారు, 2014లో అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు ఇలాంటి డెమోల మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. అవే రంగులు మిథనాల్ లేకుండా వస్తాయండీ! చెక్క పుల్లల్ని లవణాల ద్రావణంలో నానబెట్టి బర్నర్ మంటలో పెడితే చాలు, స్ట్రాన్షియం ఎరుపు, సోడియం పసుపు, రాగి ఆకుపచ్చ. గాగుల్స్ పెట్టి, పక్కన టీచర్ ఉండి, పిల్లల చేతే చేయించొచ్చు. బీకర్లకి బీకర్లు కాకుండా ప్లాస్టిక్ షీట్ మీద రెండేసి చుక్కలతో చేసే ప్రయోగాలు కూడా బోలెడున్నాయి, ఒలికినా తుడిస్తే పోతుంది.

ఇంకోటి, వీడియోలో ప్రయోగం ఎప్పుడూ ఫెయిలవదు. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు ఇంట్లో పెట్టుకున్న ల్యాబ్‌లో మలేరియా మందు క్వినైన్ తయారుచేద్దామని కూర్చుంటే నల్లటి మడ్డి వచ్చింది, దాన్ని పారబోయకుండా ఆల్కహాల్‌తో కడిగి చూస్తే ఊదా రంగు దిగింది, కృత్రిమ రంగుల పరిశ్రమ మొత్తం అక్కణ్ణుంచే ఊపందుకుంది. అనుకున్నది రాకపోతే ఎందుకు రాలేదో వెతకడం పిల్లలకి ఎక్కడ అలవాటవుతుంది మరి?

యాసిడ్‌నే మెల్లగా నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు, వాయువుని నేరుగా ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, ఇవన్నీ చేస్తూ చేస్తూ ఒంటబట్టేవి. ఇవేవీ తెలియకుండా పెరిగిన మనిషి ఒకరోజు బాత్రూమ్ కడుగుతూ బ్లీచ్‌లో యాసిడ్ క్లీనర్ కలుపుతాడు, తలుపేసిన గదిలో క్లోరిన్ పుడుతుంది. ల్యాబ్‌కి తాళం వేసినంత మాత్రాన ఇంట్లో కెమికల్స్ మాయమైపోవు కదా.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, తాళానికి ఖర్చు లేదు. గాగుల్స్‌కి, ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌కి, చిన్న బ్యాచ్‌లకి, ల్యాబ్‌లో అదనంగా ఇంకో మనిషికి ఖర్చవుతుంది. అందుకే ఇకనుంచి ఏ స్కూల్ వాళ్లయినా సేఫ్టీ కోసమే ప్రాక్టికల్స్ ఆపేశాం అంటే నేను అడిగేది ఒక్కటే, మీ దగ్గర గాగుల్స్ ఎన్ని జతలున్నాయి, కంట్లో ఏదైనా పడితే కడుక్కునే కుళాయి ఏ మూల ఉంది, చూపించండి.