మనుషుల్ని వలస పక్షుల జాబితాలో చేర్చండి

అమెరికా ప్రభుత్వంలో చేపలు, వన్యప్రాణుల బాగోగులు చూసే శాఖకు సవినయంగా సమర్పించుకుంటున్న విజ్ఞప్తి ఇది. కోరిక చిన్నదే. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం నీడన ఇప్పటికే వెయ్యికి పైగా జాతులు బతుకుతున్నాయి. ఆ జాబితా చివర ఇంకొక్క జాతి పేరు రాయాలి. రెండు కాళ్లు, ఈకలు లేవు, గుంపులుగా తిరుగుతుంది, సెలవులొస్తే డిస్నీల్యాండ్ వైపు ఎగిరిపోతుంది. గూడు కట్టుకోవడానికి 30 ఏళ్ల లోను తీసుకుంటుంది.

కారణం మనవి చేస్తాను. అమెరికాలో బాతును కాల్చే మనిషి షాట్‌గన్‌లో 3 తూటాలకు మించి పట్టకూడదు. 5 పట్టే తుపాకీ ఉందనుకోండి, తూటాల గొట్టంలో ఒక కర్రముక్కో ప్లాస్టిక్ పుల్లో దూర్చి మిగతా చోటు మూసేయాలి. తుపాకీ విప్పితే తప్ప అది ఊడి రాకూడదు. దాన్ని ప్లగ్ అంటారు. 1930లలో కరువొచ్చి, చిత్తడి నేలలు ఎండిపోయి, బాతులు బాగా తగ్గిపోయాయి. 1935లో ఈ రూలు పెట్టారు. పెద్ద మార్పు లేకుండా ఇప్పటికీ నడుస్తోంది.

తెల్లవారకముందే చలిలో రెల్లుగడ్డి మాటున కూర్చున్న వేటగాడి దగ్గరికి వేట రూళ్లు తనిఖీ చేసే గేమ్ వార్డెన్ వచ్చి "ఏదీ, ఒకసారి తుపాకీ చూపించండి" అంటే ఆయన మారుమాట్లాడకుండా తీసిస్తాడు. వార్డెన్ తూటాలు ఒక్కొక్కటే ఎక్కించి చూస్తాడు. నాలుగోది లోపలికి వెళ్లిందా, కేసు. అక్కడ ఎవరూ రాజ్యాంగం ఎత్తరు. ఇవాళ నాలుగో తూటా లాక్కున్నారు, రేపు తుపాకీ లాక్కుంటారు, ఎల్లుండి నియంతృత్వమే అని గుండెలు బాదుకోరు. వార్డెన్ గారికి ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చే వేటగాళ్లు కూడా ఉంటారు.

బాతుకు ఇంకా చాలా సదుపాయాలున్నాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం దాకానే కాల్చాలి. సీజన్ దాటితే కాల్చకూడదు. గింజలు చల్లి ఆశపెట్టి కాల్చకూడదు. రోజుకు ఇన్నే అని లెక్క ఉంది. గురి తప్పిన సీసపు గుళ్లు చెరువు అడుగున చేరి, బాతులు వాటిని గింజలనుకుని మింగి చస్తున్నాయని 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసమే నిషేధించారు. స్టీలు లాంటి విషం లేని గుళ్లు వాడాలి. అంటే ఈ దేశంలో పేలే తూటా బాతు ఆరోగ్యానికి హాని చేయకూడదు.

ఇక మనిషి. ఆయన వైపు తిప్పిన తుపాకీలో ఎన్ని తూటాలుండాలో చెప్పే కేంద్ర చట్టం ఏదీ ప్రస్తుతం లేదు. 1994లో ఒకటి వచ్చింది. కొత్తగా తయారు చేసి అమ్మే మ్యాగజైన్లలో, అంటే తుపాకీకి తగిలించే తూటాల పెట్టెల్లో, 10కి మించి పట్టకూడదంది. పదేళ్ల గడువుతో వచ్చి 2004లో గడువు తీరి వెళ్లిపోయింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా హద్దులు పెట్టుకుని కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. మిగతా చోట్ల ఏఆర్-15 రైఫిల్ కొంటే 30 తూటాల మ్యాగజైన్ మామూలు సంగతి. 3 ఎక్కడ, 30 ఎక్కడ? జాబితాలో చేరితే జీవితం ఎంత మెరుగుపడుతుందో ఈ ఒక్క సున్నాతో తేలిపోతోంది.

టెక్సస్ సంగతి చూస్తే ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ బాతును కాల్చాలంటే వేట లైసెన్సు కావాలి. వలస పక్షుల కోసం రాష్ట్రం వేసే అనుమతి ముద్ర వేరే. కేంద్రం అమ్మే డక్ స్టాంపు కొనాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే వేట పాఠాలు చదివి పాసవ్వాలి. పైన చెప్పిన ప్లగ్గు, స్టీలు గుళ్లు సరేసరి. అదే మనిషి 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించినవాడు కాకపోతే, పిస్తోలు నడుముకు పెట్టుకుని వీధిలో తిరగడానికి 2021 సెప్టెంబర్ నుంచి ఏ పర్మిట్టూ అక్కర్లేదు, ఏ పాఠమూ అక్కర్లేదు. చెరువు గట్టున నిలబడితే అనుమానితుడు, బజార్లో నిలబడితే పౌరుడు.

మనుషులు వలస జాతేనా అని శాఖవారికి సందేహం రావచ్చు. ఆ నిరూపణ బాధ్యత తెలుగువాళ్లకు వదిలేయండి. డాలస్ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్లో చూసినా సాక్ష్యం దొరుకుతుంది. పైగా మనవాళ్లకు ఈ చట్టంతో ఒక చిత్రమైన బంధుత్వం కూడా ఉంది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు అంటుంది కేంద్ర చట్టం. అని, వెంటనే మినహాయింపు ఇస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే ఫరవాలేదట. టెక్సస్‌లో స్థిరపడినవారికి ఆ లైసెన్సు 25 డాలర్లు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్న మనిషి మన ఊళ్లోనే పుట్టాడు కాబట్టి, ఈ మినహాయింపు అర్థం కావడానికి మనకు లాయరు అక్కర్లేదు. గుడ్డు తగిలిన గరిటె పప్పులో పెట్టనివ్వని మనిషి కూడా లైసెన్సు కాగితం మీద వేటగాడే. ఉడత కనిపిస్తే ఫొటో తీసి అమ్మకు వాట్సాప్‌లో పంపుతాడు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆయన తుపాకీ భవిష్యత్తు ఆ ఉడత మీదే ఆధారపడి ఉంది.

ఆయన ఒక్కడే కాదు, అమెరికా తుపాకుల చర్చ మొత్తం ఇలాగే వేటగాడి భుజం మీద నిలబడింది. 2022 జాతీయ సర్వే ప్రకారం ఆ ఏడాది వేటకు వెళ్లిన 16 ఏళ్లు, ఆ పైబడినవాళ్లు 1 కోటి 44 లక్షలు. 2017 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం అక్కడి ప్రజల చేతుల్లో ఉన్న తుపాకులు 39 కోట్ల పైచిలుకు. ప్రతి తుపాకీకీ వేట పని కల్పించాలంటే ఒక్కో వేటగాడు పాతికకు పైగా మోయాలి. పాపం, మోస్తూనే ఉన్నాడు. ప్రకటనల్లో అతని బొమ్మే, ఎన్నికల సభల్లో అతని పేరే.

అయితే ఆ వేటగాడికి నోరు మాత్రం ఉండకూడదు. జిమ్ జంబో అనే పెద్దమనిషి సంగతి చూడండి. వయోమింగ్ రాష్ట్రం. పేరున్న ఒక పాత వేట పత్రికకు దశాబ్దాలుగా రాసినవాడు, టీవీ కార్యక్రమం ఉన్నవాడు, తుపాకీ హక్కుల కోసం పోరాడే జాతీయ రైఫిల్ సంఘం ఎన్‌ఆర్‌ఏ జీవిత సభ్యుడు. 2007 ఫిబ్రవరిలో కొయోటీలనే నక్కల్లాంటి జంతువుల వేటకు వెళ్లి, అలసిపోయి, ఆ రాత్రి తన బ్లాగులో ఒక మాట రాశాడు. ఏఆర్ రకం తుపాకులకు వేటలో చోటు లేదు, అవి టెర్రరిస్టు తుపాకులు అని. వారం తిరిగేలోగా తుపాకుల కంపెనీ స్పాన్సర్‌షిప్ పోయింది, పత్రికలో ఉద్యోగం పోయింది, టీవీ కార్యక్రమం ఆగింది, ఎన్‌ఆర్‌ఏ ముఖం చాటేసింది. క్షమాపణ చెప్పాడు. మళ్లీ చెప్పాడు. టెక్సస్‌లో ఒక రాక్ గాయకుడి పొలానికి వెళ్లి, తాను తిట్టిన తుపాకులనే పేల్చడం నేర్చుకుని వచ్చాడు. పార్లమెంటు సభ్యులు ఈ ఘటన నుంచి పాఠం నేర్చుకోవాలని ఎన్‌ఆర్‌ఏ హితవు చెప్పింది. నేర్చుకున్నారు కూడా.

ఆరేళ్ల తర్వాత డిక్ మెట్‌కాఫ్ వంతు. తుపాకుల మీదే నడిచే పత్రికలో తుపాకుల మీదే రాసి పండిపోయిన మనిషి. రాజ్యాంగ హక్కులన్నిటికీ హద్దులున్నాయి, ఎప్పుడూ ఉన్నాయి, ఉండాలి అని 2013 డిసెంబర్ సంచికలో రాశాడు. ఇలినాయ్ రాష్ట్రంలో తుపాకీ దాచుకుని తిరిగే పర్మిట్టుకు 16 గంటల శిక్షణ అడగడం హక్కుల ఉల్లంఘన కాదన్నాడు. ప్రకటనలిచ్చే కంపెనీలు కోప్పడ్డాయి. రాసినవాడి ఉద్యోగం ఊడింది, అచ్చేసినందుకు ఎడిటర్ క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. బాతులకు రోజుకు ఇన్నే చంపాలని లెక్క ఉంది గానీ కాలమిస్టులకు ఆ సౌకర్యం లేదు. సీజను కూడా ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

అవతలి పక్షం వాదన కూడా వినాలి, వినకపోతే పిటిషన్ చెల్లదు. వాళ్లు అనేది, తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ బాతుల వేట కోసం రాసింది కాదు అని. కార్ల వెనక స్టిక్కర్లు కూడా అంటిస్తారు. నూటికి నూరుపాళ్లు నిజం. 1791 నాటి ఆ వాక్యంలో బాతు లేదు, జింక లేదు. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ పెట్టుకోవడం వ్యక్తిగత హక్కేనని తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా స్వయంగా వేట ఇష్టపడే మనిషి. సరే, ఒప్పుకుందాం. రెండో సవరణకూ బాతులకూ సంబంధం లేదు. బాతులు అంత క్షేమంగా ఉండడానికి అదే కారణమని ఈ విజ్ఞాపకుడి నమ్రమైన అభిప్రాయం. జంబోలాగా "నా వేట తుపాకీ చాలు, మిగతావి నాకెందుకు" అనేవాళ్లను ఆ పక్షంవాళ్లు ఫడ్ అని పిలుస్తారు. కార్టూన్లలో కుందేలు చేతిలో ప్రతిసారీ వెర్రివాడయ్యే వేటగాడి పేరు అది.

ఒకప్పుడు ఎన్‌ఆర్‌ఏ నిండా ఫడ్‌లే ఉండేవారు. సైనికుల గురి మరీ అధ్వానంగా ఉందని 1871లో ఇద్దరు మాజీ సైనికాధికారులు పెట్టిన సంస్థ అది. 1976 ప్రాంతంలో దాని పెద్దలు వాషింగ్టన్ వదిలేసి కొలరాడో కొండల దగ్గరికి ఆఫీసు మార్చుకుందాం, రాజకీయాలు తగ్గించి వేట, అడవులు, ప్రకృతి చూసుకుందాం అనుకున్నారు. 1977 మేలో సిన్సినాటిలో సభ్యుల సమావేశం తెల్లవారుజాము దాకా సాగింది. నారింజ రంగు టోపీలు పెట్టుకున్న తిరుగుబాటుదారులు ఆ పెద్దలను దించేసి వెళ్లారు. అడవిలో సాటి వేటగాడు పొరపాటున కాల్చకుండా పెట్టుకునే టోపీలవి. ఆ రాత్రి అవి ఎవరిని కాపాడాయో చరిత్రకారులే చెప్పాలి.

ఇక్కడ వేళాకోళం కాసేపు ఆపాలి, ఎందుకంటే వేటగాళ్ల పక్షాన గట్టి లెక్క ఒకటుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్‌లు, తూటాల మీద తయారీదారులు 11 శాతం పన్ను కడతారు. పిస్తోళ్ల మీద 10 శాతం. ఆ డబ్బు కేంద్రం ద్వారా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. అడవి టర్కీ కోళ్లు, తెల్లతోక జింకలు మళ్లీ పెరగడం వెనక ఈ డబ్బుంది. 1972 చట్టంతో వేట దాదాపు ఆపేసిన మన దేశంలో అడవుల శాఖ బడ్జెట్ కోసం ఎదురుచూస్తుంటే, అక్కడ వేటగాడు తన జేబులోంచి ఇస్తున్నాడు. ఈ మాటలో ఎగతాళి లేదు.

ఎగతాళి తర్వాతి మెట్టులో ఉంది. ఆ పన్నులో పెద్ద భాగం ఇప్పుడు జింక మొహం చూడని కొనుగోలుదారుల నుంచి వస్తోంది. టీవీలో ఏదో స్కూలు పేరుతో ఘోరమైన వార్త వస్తుంది. ప్రభుత్వం నిషేధం పెడుతుందేమోనని షాపుల ముందు క్యూలు కడతారు. అమ్మకాలు పెరుగుతాయి, పన్ను పెరుగుతుంది, ఎక్కడో ఒక చిత్తడి నేలకు గట్టు పోస్తారు. 2012 చివర్లో శాండీ హుక్ స్కూలు కాల్పుల తర్వాత జరిగింది ఇదే. ఆ ఏడాది బాతులు తమ అదృష్టానికి కారణం వెతుక్కుని ఉండవు.

ఇక అమలు వివరాలు. మన జాతికి సీజన్ ఏడాది పొడుగునా మూసి ఉంచాలి, రోజువారీ పరిమితి సున్నా. ప్లగ్గులు ఎవరు దూర్చాలో తర్వాత మాట్లాడుకోవచ్చు. మిగిలింది స్టాంపు. డక్ స్టాంపు మీద ఏటా ఒక పక్షి బొమ్మ వేయడానికి దేశవ్యాప్తంగా చిత్రకారులకు పోటీ పెడతారు. మన స్టాంపుకూ పెట్టాలి.

మొదటి బొమ్మకు 2004లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ కెర్రీని అనుకున్నాను. 2004 అక్టోబర్‌లో, అధ్యక్ష ఎన్నికలకు పన్నెండు రోజుల ముందు, ఒహాయోలో ఆకుపచ్చ మచ్చల జాకెట్ వేసుకుని షాట్‌గన్‌తో అడవి పెద్దబాతుల వేటకు వెళ్లాడు. వేటగాళ్ల ఓట్లు కాలుద్దామనుకున్నాడు, గురి తప్పింది. ఆ జాకెట్‌ను అక్టోబర్ వేషం అని వెక్కిరించినవాడు అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ. పదహారు నెలలకు, 2006 ఫిబ్రవరి 11న, అదే చెనీ టెక్సస్‌లో కౌజుపిట్టల వేటలో వెనక్కి తిరిగి, 78 ఏళ్ల లాయరు హ్యారీ విటింగ్టన్ ముఖం మీద, ఛాతీ మీద గుళ్లు దింపాడు. విచారణలో ఒక నేరం రుజువైంది. చెనీ దగ్గర పిట్టల వేటకు కావాల్సిన 7 డాలర్ల స్టాంపు లేదు. హెచ్చరిక కాగితం ఇచ్చారు. పిట్టల పట్ల బాధ్యత అది.

కాబట్టి నా ఓటు విటింగ్టన్‌కే. గుండె దగ్గర ఒక గుండు పట్టి, చిన్న గుండెపోటు కూడా వచ్చి, ఆరు రోజుల తర్వాత ఆస్పత్రి బయట నిలబడి ఆయన అన్న మాట, ఈ వారంలో ఉపాధ్యక్షుడు, ఆయన కుటుంబం పడిన బాధకు తానూ తన కుటుంబమూ ఎంతో విచారిస్తున్నామని. స్టాంపు అంచు మీద ఆ మాట మొత్తం పట్టేలా ఏ సైజు అక్షరాలు వాడాలో పోటీ నిబంధనల్లో రాయగలరు.